అన్నిటికంటే తేలికైన బుట్ట

బిస్కెట్ల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళుగా ప్యాకింగ్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్న ఆ మనిషికి తన ఇంట్లో వంటగది ఏ వైపు ఉందో తెలుసు, అందులో మంచినీళ్ళు ఎక్కడుంటాయో తెలుసు, అంతకుమించి తెలుసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. చెత్తబుట్ట సింకు కింద ఉంటుందన్న సంగతి కూడా ఒకసారి చేతిగడియారం అందులో పడిపోతేగానీ ఆయనకు తెలియలేదు. అలాంటి మనిషి ఒక శనివారం పొద్దున లిఫ్టు పక్కన అంటించిన కాగితం ముందు నిలబడి, దాన్ని రెండుసార్లు చదివి, మూడోసారి అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివాడు.

ఆ కాగితం అంటించింది అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి. ఆయన బడిలో పిల్లల చేత వ్యాయామం చేయించి రిటైరైన మనిషి. అందరూ డ్రిల్లు మాస్టారనే అంటారు. ఈల ఇప్పటికీ మెడలోనే వేలాడుతూ ఉంటుంది. వచ్చే వారం నుంచి ఎనిమిది శనివారాల పాటు ఒక్కో ఇంటి చెత్తనూ తూకం వేస్తారట. చివరి వారం ఎవరి చెత్త అన్నిటికంటే తక్కువ తూగితే వాళ్ళ కుటుంబం ఫొటో ఏడాది పొడుగునా లిఫ్టు పక్కన గోడకు ఉంటుందట. కొనేటప్పుడే ఆలోచించండి, వండేటప్పుడే జాగ్రత్తపడండి అని అడుగున ఎర్రసిరాతో రాసి, దాని కింద రెండు గీతలు కూడా గీశాడు.

నిజానికి సూపర్‌వైజరుకు చెత్త మీద ప్రేమా లేదు, పగా లేదు. కానీ అదే సమయానికి రెండో అంతస్తు పళ్ళ డాక్టరు కూడా అక్కడే నిలబడి చదువుతున్నాడు. చదివి, మాకిదేం పెద్ద కష్టం కాదులెండి, మా ఇంట్లో మొదటినుంచీ అంతా పద్ధతిగానే ఉంటుంది అని తెల్లటి పళ్ళు కనిపించేలా చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు వెళ్ళి సూపర్‌వైజరుకు ఎక్కడో గుచ్చుకుంది. కారు పెట్టుకునే చోట నీడ పడేది ఆ డాక్టరుకే. కుళాయిలో నీళ్ళు ముందు వచ్చేదీ ఆయన అంతస్తుకే. రేపు గోడ మీద ఫొటో కూడా ఆయనదే అయితే ఇక ఏడాది పాటు మూడో అంతస్తులోని తన ఇంటికి మెట్లెక్కి పోవడం తప్ప దారి లేదనుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన సంగతి ప్రకటించాడు. ఇకనుంచి ఇంటికి సరుకులు తేవడమూ, వంటగదిలో ఏది పారేయాలో ఏది పారేయకూడదో చూడడమూ తన బాధ్యత. ఇల్లాలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఉదయం నుంచి వందమంది చేతులకు సూదులు గుచ్చి వచ్చిన మనిషి, నోటి దగ్గరి ముద్ద ఆపకుండానే సరేనంది. కాలేజీలో చదివే కూతురు ఫోనులోంచి తల ఎత్తి తండ్రిని ఒకసారి చూసి మళ్ళీ దించుకుంది. ఇల్లాలి తల్లి, అంటే ఆయన అత్తగారు, కూర గిన్నె ఆయన వైపు జరిపింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఒక విద్యార్థుల హాస్టల్లో వంట చూసిన మనిషి. రోజుకు రెండొందల పళ్ళాలకు వండించి, వడ్డించి, కడిగించిన చెయ్యి. ఈ విషయంలో ఆవిడను ఒక మాట అడిగితే బాగుంటుందేమోనన్న ఆలోచన ఆ బల్ల చుట్టూ ఉన్న మిగతావాళ్ళకు రాకపోలేదు. సూపర్‌వైజరుకు మాత్రం రాలేదు.

ఆయన ఏ పనికైనా ముందు సరంజామా ఉండాలంటాడు. అందుకని ఆ సాయంత్రమే ఫోనులో చూసి ఇరవైనాలుగు గాజు సీసాలు, పన్నెండు గుడ్డ సంచులు, ఒక తూకం యంత్రం, తొక్కలు వేస్తే ఎరువవుతుందనే ఒక పెద్ద కుండ, పొదుపుగా వండడం ఎలా అన్న ఒక లావుపాటి పుస్తకం తెప్పించాడు. మంగళవారానికల్లా అన్నీ దిగాయి. ఒక్కో సీసాకూ ఒక్కో అట్టపెట్టె. పెట్టెలో గాలిబుడగల కాగితం, దాని లోపల పలచటి తెల్ల కాగితం, దానికి నాలుగు వైపులా టేపు. ఎరువు కుండ చుట్టూ నిలువెత్తు థర్మోకోల్. సూపర్‌వైజరు తన వృత్తి మరిచిపోలేక, ఆ ప్యాకింగు చేసినవాణ్ణి మెచ్చుకుంటూ ఒక్కొక్కటీ జాగ్రత్తగా విప్పాడు. విప్పడం పూర్తయ్యేసరికి బాల్కనీ నిండిపోయింది. ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళిన ఇల్లాలికి తాడు కనిపించింది గానీ దాని దగ్గరికి దారి దొరకలేదు. ఇదంతా ఏం చేద్దామని ఆవిడ అడిగితే, ఇది చెత్త కాదు, పెట్టుబడి అన్నాడాయన.

బుధవారం ఆయన ఫ్యాక్టరీ నుంచి కాస్త ముందు వచ్చి, రెండు సంచుల నిండా ఖాళీ సీసాలు సర్దుకుని వీధి చివరి కిరాణాకొట్టుకు బయలుదేరాడు. నడుస్తుంటే గలగలమని చప్పుడు. ఎదురొచ్చినవాళ్ళు ఇంత పొద్దుండగానేనా అన్నట్టు చూశారు. కొట్టాయన ముందు బల్ల మీద సీసాలు వరసగా పేర్చి, సరుకు ప్యాకెట్లలో వద్దని, వీటిలోనే పోయమని చెప్పాడు. కొట్టాయన మంచివాడు. ముందు ఖాళీ సీసా తూచాడు. తర్వాత పప్పు ప్యాకెట్టు తీసి, కత్తెరతో మూల కత్తిరించి, గింజ కింద పడకుండా సీసాలో పోసి, ఖాళీ ప్యాకెట్టు తన బల్ల కిందున్న డబ్బాలో పడేశాడు. తర్వాత చక్కెర ప్యాకెట్టు. తర్వాత పిండి. తర్వాత ఉప్పు. వెనక ఎనిమిదిమంది వరసలో నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నారు. తొమ్మిదో సీసా దగ్గర కొట్టాయన ఆగి, చెమట తుడుచుకుని, మర్యాదగానే అడిగాడు.

"ఒక్క సందేహమండీ. ఈ కవరు మీ ఇంట్లో పడితే చెత్త, మా కొట్లో పడితే కాదాండీ?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సూపర్‌వైజరు ఆ నవ్వు చెవిన వేసుకోలేదు. తూకం వేసేది కొట్టును కాదు, ఇళ్ళను అన్నది ఆయన లెక్క. గలగలలు లేకుండా, నిండిన సీసాలతో భుజాలు లాగేస్తుంటే నాలుగుచోట్ల ఆగి ఇంటికి చేరాడు.

ఇక కూరగాయలు. వాడిపోయినవి, వంకర తిరిగినవి ఎవరూ కొనకపోతే అవి చెత్తలో పడతాయి కాబట్టి, వాటిని కొనేవాడే నిజమైన పొదుపరి అని పుస్తకం మూడో పేజీలో ఉంది. గురువారం సాయంత్రం బజారు కట్టేసే వేళకు వెళ్ళి అమ్మే మనిషిని అడిగితే, ఆ మనిషి నమ్మలేక రెండుసార్లు అడిగించుకుని, మెత్తబడ్డ టమాటాలు ఒక బుట్టెడు, ముడతలు పడ్డ క్యారెట్లు, ఆకులు పసుపెక్కిన క్యాబేజీలు నాలుగు, మొలకలొచ్చిన బంగాళాదుంపలు ఇచ్చి, దండం పెట్టినంత పనిచేసి పంపింది. ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల అప్పటికే రెండు క్యాబేజీలు, కిలో టమాటాలు ఉన్నాయి. అవి ఇల్లాలు సోమవారం తెచ్చినవి. ఫ్రిజ్ తలుపు తీసి చూసి బజారుకు వెళ్ళమని పుస్తకంలో బహుశా ఒకటో పేజీలో ఉండి ఉంటుంది. ఆయన మూడో పేజీ దగ్గర మొదలుపెట్టాడు.

మరుసటిరోజు సెలవు పెట్టి మరీ గరిటె పట్టుకున్నాడు. బంగాళాదుంపల తొక్కలు వేయించాడు. బఠాణీలు ఒలిచి పక్కన పెట్టి, వాటి తోళ్ళతో సూప్ కాచాడు. గుమ్మడికాయ లోపలి పీచు, క్యాబేజీ మొదలు కలిపి కూర చేశాడు. మెత్తని టమాటాలన్నీ పెద్ద గిన్నెలో వేసి ఉడకబెట్టాడు. అవి ఉడికి, ఇగిరి, అడుగంటి, ఇల్లంతా ఒక విధమైన వాసన పట్టింది. అత్తగారు గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తూ ఉంది. బంగాళాదుంప మొలకలు తొక్కతో పాటే వేయించబోతుంటే మాత్రం లేచి వచ్చి, అవి కడుపులో పడకూడదు బాబూ అని తీసి పక్కన పెట్టి, మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

సాయంత్రం అందరూ తిన్నారు. నిజం చెప్పాలంటే, తిన్నట్టు కనిపించారు. బఠాణీ తోళ్ళలో పీచు నోట్లో వేసుకుంటే మింగుడుపడదు, ఉమ్మడానికి ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు. కూతురు ఒక ముద్ద దవడకు పెట్టుకుని అలాగే బాత్రూములోకి వెళ్ళింది.

ఆ మొదటి శనివారం కింద వాకిట్లో తూకం జరిగింది. చెత్తబండి తోలుకొచ్చే ఆవిడను ఆ వీధిలో అందరూ బండి అక్క అంటారు. ఆవిడ ఒక్కో బుట్టా ఎత్తి తూకం కొక్కేనికి తగిలిస్తుంటే, డ్రిల్లు మాస్టారు ఈల వేసి అంకె పైకి చదివాడు. పళ్ళ డాక్టరుది నాలుగున్నర కిలోలు. మేడమీద ఉండే కుట్టుమిషను ఆవిడది ఆరు. సూపర్‌వైజరు గారిది పదకొండు. అందులో తొమ్మిది కిలోలు టమాటాలే. పెట్టెల ఊసు ఇంకా ఎత్తలేదు, అవి బాల్కనీలోనే ఉన్నాయి. డ్రిల్లు మాస్టారు పొరపాటేమోనని రెండోసారి తూయించి, రెండోసారీ ఈల వేసి, రెండోసారీ పదకొండనే చదివాడు. సూపర్‌వైజరుకు తల తీసేసినట్టయింది.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీకి వెళ్తూ ఆయన మూడు అట్టపెట్టెలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. వీధి మలుపులో బస్టాపు దగ్గర పెద్ద ఇనుప చెత్తడబ్బా ఉంది. అటూ ఇటూ చూసి అందులో వేశాడు. ఇది మోసం కాదు, పెట్టెలు వంటలోంచి వచ్చినవి కావు, పోటీ వంటింటి చెత్తకే కదా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. మరుసటిరోజు థర్మోకోల్. ఆ తర్వాత గాలిబుడగల కాగితం. బస్సెక్కి కూర్చున్నాక మనసు తేలిగ్గా ఉండేది.

విచిత్రం ఏమిటంటే, బుట్ట నిజంగానే తేలికవుతూ వచ్చింది. రెండో శనివారం ఏడు కిలోలు. మూడోది ఐదు. నాలుగో వారం మూడున్నర. రోజూ ఆయన వండిన తొక్కల కూర గిన్నె తెల్లారేసరికి ఖాళీ అయ్యేది. ఇల్లాలు మధ్యాహ్నం డబ్బాలో అదే పట్టుకెళ్ళేది. కూతురు కూడా నాన్నా, కొంచెం ఎక్కువే పెట్టు, ఫ్రెండ్స్‌కి కూడా ఇష్టం అనేది. ఆ మాటకు ఆయన కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళు తనలో ఇంత వంటవాడు దాగి ఉన్నాడని తెలియకుండానే గడిచిపోయిందే అని ఫ్యాక్టరీలో పక్కవాడితో అన్నాడు కూడా. తొక్కలు వేయించడం ఎలాగో ఆ పక్కవాడికి నేర్పడానికి భోజన విరామమంతా ఖర్చు పెట్టాడు.

ఆరో వారం సోమవారం ఆఖరి నాలుగు పెట్టెలు చంకలో పెట్టుకుని బస్టాపు దగ్గరికి వెళ్ళేసరికి, డబ్బా దగ్గర ఎవరో వంగి ఉన్నారు. దగ్గరికి వెళితే అత్తగారు. రోజూ పొద్దున్నే నడకకు వెళ్తున్నానని బయలుదేరే మనిషి. ఆవిడ చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నె ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన పెట్టెలు వెనక్కి దాచుకోబోయాడు గానీ, పెట్టెలు ఆయనకంటే వెడల్పుగా ఉన్నాయి.

"ఏమిటత్తయ్యగారూ అది?" అన్నాడు, ముందు అడిగితే గట్టెక్కుతానేమోనని.

"నిన్నటి సూప్ బాబూ."

"అందరూ తాగేశారు కదా."

"తాగలేదు. మూత పెట్టారు."

మరి వారం వారం ఖాళీ అవుతున్న గిన్నెల మాటేమిటని అడగడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. అడగకుండానే ఆవిడ చెప్పింది. దాచడానికి ఇక ఏముంది అన్నట్టు చెప్పింది.

"మంగళవారం మీ అమ్మాయిది. గురువారం మా అమ్మాయిది. నాకు సోమవారం, శుక్రవారం ఇచ్చారు. నాకు వేరే పని లేదు కదా, అందుకని రెండు."

సూపర్‌వైజరు అక్కడే బస్టాపు బెంచీ మీద కూర్చుండిపోయాడు. పెట్టెలు దొరికిపోయినందుకు కాదు ఆయన బాధ. ఆ సూప్‌కు గంటన్నర పట్టింది. బఠాణీ తోళ్ళు ఒక్కొక్కటీ లోపలి పొర తీసి మరీ వేశాడు ఈసారి. కూతురి స్నేహితులకు ఇష్టమన్న మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. అత్తగారు గిన్నె డబ్బాలో వంపి, గోడ మీది కుళాయి దగ్గర కడిగి వచ్చి, ఆయన పక్కన కూర్చుంది. మీరంత కష్టపడుతుంటే బాగాలేదని ఎవరు చెబుతారు బాబూ అంది. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే ఆయనకు మరీ కష్టంగా తోచింది.

ఇక్కడితో ఆయన బుద్ధి తెచ్చుకున్నాడని చెప్పగలిగితే బాగుండేది. కానీ రెండు రోజులు అన్నం సయించక తిరిగి, మూడో రోజు లెక్క వేసుకున్నాడు. ఇంకా మూడు శనివారాలే మిగిలాయి. పళ్ళ డాక్టరుది రెండు కిలోలకు దిగింది. ఇప్పుడు మానేస్తే ఇంతకాలం పడిన పాటంతా గంగపాలు. అత్తగారిని పక్కకు పిలిచి, బుధవారం ఎవరికీ ఇవ్వలేదు కదా అని అడిగాడు. లేదంది. అది ఆయన తీసుకున్నాడు.

ఎనిమిదో శనివారం సూపర్‌వైజరు ఇంటి బుట్ట కిలో మీద రెండొందల గ్రాములు తూగింది. అందులో బుట్ట బరువే ఎనిమిదొందలు. డాక్టరుది కిలోన్నర. డ్రిల్లు మాస్టారు పొడుగ్గా ఈల ఊది, వచ్చి చెయ్యి నలిగేలా కరచాలనం చేశాడు. డాక్టరు కూడా అభినందించాడు గానీ ఈసారి పళ్ళు కనిపించలేదు. ఫొటో తీశారు. లిఫ్టు పక్కన మేకు కూడా కొట్టారు.

మర్నాడు ఆదివారం సాయంత్రం మేడ మీద సభ. కుర్చీలు వేసి, మైకు పెట్టి, అందరినీ పిలిచారు. ఎనిమిది వారాలు తూకానికి సాయపడిందని బండి అక్కను కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. సూపర్‌వైజరు నాలుగు పేజీల ప్రసంగం రాసుకొచ్చాడు. 'తొక్కలో ఏముంది?' అన్నది మొదటి వాక్యం. ముందుగా డ్రిల్లు మాస్టారు బండి అక్కకు ఒక పూలగుత్తి ఇచ్చాడు. దాని చుట్టూ మెరిసే ప్లాస్టిక్ కాగితం, దాని మీద ఇంకో వలలాంటి కాగితం, రెండు రిబ్బన్లు. ఆవిడ తీసుకుని, పూలు బయటికి లాగి, కాగితం చేత్తో పట్టుకుని ఇది ఎక్కడ వేయాలన్నట్టు చుట్టూ చూసింది. ఎవరికీ తెలియలేదు. చివరికి మడిచి తన సంచిలోనే పెట్టుకుంది. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆవిడకు మైకు అలవాటు లేదు, దూరంగా పట్టుకుని మాట్లాడింది.

"పెద్దవాళ్ళందరికీ నమస్కారం. ఈ బిల్డింగులో చెత్త బాగా తగ్గిందండీ. సగం కూడా లేదు. చాలా సంతోషం. కానీ ఒక్క మనవి. బస్టాపు దగ్గర డబ్బా నాదే. అది రోజూ పొంగిపోతోంది. అక్కణ్ణుంచి బండి పైకి లాగాలంటే ఎత్తు. మీరు కోపగించుకోకుంటే, ఇదివరకటిలాగా ఇక్కడే వేసెయ్యండి. ఇక్కడైతే నాకు పల్లం."

అంతే చెప్పి కూర్చుంది. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. నిందించాలన్న ఆలోచన ఆవిడకు లేదు, ఎత్తు గురించే ఆవిడ బాధంతా. కానీ మేడ మీద ఒక్కసారిగా నలభైమంది తమ తమ చెప్పుల వంక చూసుకోవడం మొదలుపెట్టారు. కుట్టుమిషను ఆవిడ కొంగు సర్దుకుంది. ఎవరో దగ్గారు. డ్రిల్లు మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదడానికి ఏ సందర్భమూ కనిపించలేదు. తర్వాత ఏం చేయాలో తోచక, ఇప్పుడు విజేత మాట్లాడతారు అని సూపర్‌వైజరు చేతికి మైకు ఇచ్చేశాడు.

ఆయన కాగితాలు విప్పాడు. మొదటి వాక్యం కళ్ళముందు కనిపిస్తోంది. ముందు వరసలో బండి అక్క పూలు ఒళ్ళో పెట్టుకుని, ఈయన చెప్పేది వినడానికి ముందుకు వంగి కూర్చుని ఉంది. రోజూ ఆ ఎత్తున తన పెట్టెలు, తన సూప్, తన క్యాబేజీ మొదళ్ళు ఈవిడే కదా లాగింది అనిపించింది. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బస్టాపు దగ్గర వేసింది నేనండీ," అన్నాడు. "పెట్టెలు, కూరలు, అన్నీ. మా ఇంటి బుట్ట తేలికేం కాదు."

అప్పుడు రెండో వరసలోంచి ఇల్లాలు, లేవకుండానే, ఎప్పటి గొంతుతోనే అంది.

"అన్నీ ఆయన కాదు. గురువారాలు నేను."

కూతురు మంగళవారం నాది అంది. అత్తగారు బళ్ళో హాజరు పలికినట్టు చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించింది. వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు మిగతావాళ్ళకు అంటుకునేలోపల, పళ్ళ డాక్టరు భార్య భర్త మోకాలి మీద చెయ్యి వేసి, మాది బస్టాపు దగ్గరికి పోదండీ, ఈయన క్లినిక్కుకు తీసుకెళ్తారు అంది. డాక్టరు ఆకాశం వైపు చూశాడు. ఆ తర్వాత ఇక ఆపేవాళ్ళు లేరు. ఒకరిది ఆఫీసు డబ్బా, ఒకరిది చెల్లెలి ఇల్లు. కుట్టుమిషను ఆవిడ అయితే మూటలు రైల్వేస్టేషను దాకా మోసుకెళ్ళిందట. చివరికి డ్రిల్లు మాస్టారింటి సంగతి ఆయన భార్య చెప్పబోతుంటే ఆయన గట్టిగా ఈల ఊది సభ ముగించాడు. ఆ మేకుకు ఆ ఏడాది ఎవరి ఫొటో కూడా ఎక్కలేదు. కొన్నాళ్ళకు ఎవరో దానికి గొడుగు తగిలించుకోవడం మొదలుపెట్టారు.

సూపర్‌వైజరు సిగ్గుతో వారం రోజులు వంటగది వైపు పోలేదు. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అత్తగారు పళ్ళాలు సర్దుతుంటే, పక్కన నిలబడి, హాస్టల్లో రెండొందలమందికి వండేటప్పుడు ఎంత పారేసేవాళ్ళని అడిగాడు. అడగడానికి ఎనిమిది వారాలూ ఒక సభా పట్టాయి.

మొదట్లో ఆరు బకెట్లు అందావిడ. తర్వాత ఒకటి.

ఎలా తగ్గించారని అడిగాడు. పొయ్యి దగ్గర నిలబడితే ఏమీ తెలియదు బాబూ, పళ్ళాలు కడిగే చోట నిలబడాలి అంది. ఒక వారమంతా ఆవిడ అక్కడే నిలబడి, పిల్లలు ఏం వదిలేస్తున్నారో చూసిందట. రొట్టె ముక్కలు పెద్దవిగా ఉన్నాయని అంచులు వదిలేస్తున్నారు. బుధవారం కూర ఎవరూ ముట్టడం లేదు, కానీ పదేళ్ళుగా బుధవారం అదే వండుతున్నారు. ముక్కలు చిన్నవి చేయించింది, కావాలంటే రెండోసారి పెట్టమంది, ఆ కూర మాన్పించింది. రేపు ఎవరు తింటారు, ఎవరు ఊళ్ళో ఉండరు అని సాయంత్రమే అడిగించింది. అంతకుమించి తను చేసిందేమీ లేదంది. తొక్కల మాటేమిటని అడిగితే, తొక్కలు ఆవులకు పంపేవాళ్ళం, పిల్లలకు పెట్టలేదు అంది.

సూపర్‌వైజరు ఊరుకోలేదు, ఊరుకునే రకం కాదు. నోటుబుక్కు తెచ్చి, తమ ఇంటి సింకు పక్కన స్టూలు వేసుకుని వారం రోజులు కూర్చున్నాడు. పళ్ళెం కడగడానికి వచ్చినప్పుడల్లా అందులో ఏముందో రాసుకున్నాడు. నన్నేమిటి దొంగను చూసినట్టు చూస్తారని ఇల్లాలు విసుక్కుంది. అయినా వారం తిరిగేసరికి నాలుగు సంగతులు తేలాయి. మంగళ, గురువారాల్లో కూతురు ఇంట్లో తినదు, అయినా ఆమె వాటా వండుతున్నారు. క్యాబేజీ ఆ ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. ఎవరికో ఇష్టమని ప్రతివాళ్ళూ అనుకుని పదిహేనేళ్ళుగా కొంటున్నారు. ఫ్రిజ్‌లో వెనక వరసలో పెట్టింది ఏదీ మళ్ళీ వెలుగు చూడడం లేదు. నాలుగోది ఆయన రాయలేదు గానీ మిగతావాళ్ళు చెప్పారు. ఆకలితో బజారుకు వెళ్ళేది ఆయనే.

ఆ తర్వాత నుంచి బజారుకు ఆయనా అత్తగారూ కలిసి వెళ్తున్నారు. ముందు ఫ్రిజ్ తలుపు తీసి చూస్తారు, తర్వాత కాఫీ తాగుతారు, తర్వాత సంచి తీస్తారు. బజారులో ఆయన చెయ్యి కాలీఫ్లవర్ మీద పడితే, ఇది ఏ రోజుకు బాబూ అని ఆవిడ అడుగుతుంది. రోజు పేరు చెప్పగలిగితే సంచిలో పడుతుంది, నీళ్ళు నమిలితే అక్కడే ఉండిపోతుంది. వాడిపోయినవి అమ్మే మనిషి ఈయనను చూసి ఆశగా బుట్ట ఎత్తుతుంది, ఈయన మొహం చాటేస్తాడు. బుట్ట బరువు ఆరు నుంచి ఐదుకు, ఐదు నుంచి నాలుగుకు, చాలా నెమ్మదిగా దిగింది. ఒక వారం చుట్టాలొచ్చి మళ్ళీ ఏడైంది. ఎవరూ ఈల వేయలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం అత్తగారు చిన్న గిన్నెలో కూర వండింది. గిన్నె చూసి ఇల్లాలు, ఇంతేనా, సరిపోతుందా అంది. గిన్నె అడుగు కనబడడమంటే ఆ ఇంట్లో పరువు పోయినట్టే ఇన్నాళ్ళూ. నలుగురూ కూర్చున్నారు. కూతురు రెండోసారి వేసుకుంది. ఇల్లాలు అడుగున ఉన్నది గీకి తల్లికి వేసింది. సూపర్‌వైజరు రొట్టె తుంచి కూరలో అద్దుకుని తిని, బాగుందనుకుని, ఇంకొంచెం వేసుకుందామని గిన్నె దగ్గరికి లాక్కుంటే అందులో గరిటె తప్ప ఏమీ లేదు.

"ఇంకా ఉందా?" అన్నాడు.

లేదంది ఇల్లాలు. అనేసి, తప్పు చేసినదానిలా తల్లి వైపు చూసింది. కూతురు తన పళ్ళెంలోని సగం ముక్క తండ్రి పళ్ళెంలోకి తోసింది. ఆయన వద్దని దాన్ని వెనక్కి జరిపి, ఉన్న రొట్టెతో గిన్నె లోపలి వైపు చుట్టూ తుడిచి, ఆ రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి ఇంకొక గరిటెడు ఎక్కువ వండండి అత్తయ్యగారూ అన్నాడు నములుతూ. అలాగే బాబూ అని, ఆవిడ ఆ గిన్నె తీసుకుని కడగడానికి లేచింది.